హెడ్‌ఫోన్స్, ఇయర్‌బడ్స్ మంచి ధరకు కొనడం ఎలా: మోడల్ ఎంపిక నుంచి వారంటీ దాకా

ఎంఆర్‌పీ రూ.4,990, అమ్మకం ధర రూ.999, తగ్గింపు 80 శాతం. ఇలాంటి పేజీ చూపించి "తీసుకోవచ్చా?" అని అడిగేవాళ్లు ఎక్కువయ్యారు. ఆ ఇయర్‌బడ్స్ ఏడాది పొడవునా ఎప్పుడు చూసినా 999కో 1,099కో దొరుకుతుంటే, అక్కడ తగ్గిందేమీ లేదు. దాని అసలు ధరే అది. ఎంఆర్‌పీ పెట్టె మీద కొట్టిన అంకె మాత్రమే.

బేరం కుదిరిందో లేదో మూడు సంగతులు చెబుతాయి. గత ఆరు నెలల్లో ఆ మోడల్ ఎంతకు అమ్ముడైంది? అన్ని ఫీజులూ కలిపి మీ జేబులోంచి ఎంత పోతోంది? పాడైతే ఎవరు బాధ్యత తీసుకుంటారు?

అందుకే వరస తప్పకూడదు. ముందు అవసరం, తర్వాత మోడల్, ఆ తర్వాత ధర, అన్నిటికంటే చివర సేల్. సేల్‌తో మొదలుపెట్టినవాళ్లే ఎక్కువ నష్టపోతారు.

1. మీకు ఏ రకం కావాలో తేల్చుకోండి

ఎక్కువసేపు ఎక్కడ వాడతారన్నదే ఇక్కడ ప్రశ్న. అన్నిటికీ పనికొచ్చే ఒక్కటి కావాలనుకుంటే ఏదీ సరిగ్గా చేయనిది చేతికొస్తుంది.

బస్సు, మెట్రో, రైలు ప్రయాణాలు ఎక్కువైతే ఏఎన్‌సీ (యాక్టివ్ నాయిస్ క్యాన్సిలేషన్, అంటే చుట్టూ ఉన్న చప్పుడు మీకు తక్కువగా వినపడేలా చేసే సౌకర్యం) ఉన్నది తీసుకోండి. ఇంజిన్ రొద, ఏసీ హోరు, ఫ్యాను చప్పుడు లాంటి ఆగకుండా వచ్చే మంద్ర ధ్వనులను ఏఎన్‌సీ బాగా తగ్గిస్తుంది. హారన్లు, పక్కవాళ్ల మాటలు, పసిపిల్లల ఏడుపు అంతగా తగ్గవు. వాటిని ఆపేది చెవిలో బిగుతుగా కూర్చునే రబ్బరు టిప్పే.

ఏఎన్‌సీకి, ఈఎన్‌సీకి తేడా తెలియక డబ్బు పోగొట్టుకునేవాళ్లు చాలామంది. ఈఎన్‌సీ మైకుకు సంబంధించింది. మీరు ఫోన్‌లో మాట్లాడేటప్పుడు అవతలివాళ్లకు మీ చుట్టూ ఉన్న గోల వినపడకుండా చూస్తుంది. మీకు వినిపించే చప్పుడును అది రవ్వంత కూడా తగ్గించదు. పేజీలో "నాయిస్ క్యాన్సిలేషన్" అని పెద్దక్షరాల్లో రాసి, కింద వివరాల్లో ఈఎన్‌సీ అని మాత్రమే ఉంటే అందులో ఏఎన్‌సీ లేనట్టే. ఏఎన్‌సీ ఉంటే 25 డెసిబెల్స్, 40 డెసిబెల్స్ అని ఒక అంకె కూడా ఇస్తారు. అది కంపెనీ చెప్పుకునే గరిష్ఠమే అయినా, సౌకర్యం ఉందనడానికి గుర్తు.

ఆఫీసు కాల్స్, ఆన్‌లైన్ క్లాసులు రోజుకు నాలుగైదు గంటలుంటే ఇయర్‌బడ్స్ వద్దు. బ్యాటరీ చాలదు, చెవులూ నొప్పెడతాయి. నోటి ముందుకు మైకు వచ్చే వైర్డ్ హెడ్‌సెట్ తీసుకోండి, లేదా తేలికపాటి బ్లూటూత్ హెడ్‌ఫోన్స్ తీసుకోండి.

జిమ్‌కు, పరుగుకు అయితే కనీసం ఐపీఎక్స్4 రేటింగ్ (చెమటను, నీటి తుంపరలను తట్టుకుంటుందనే గుర్తు) ఉండాలి.

ఇంట్లో కూర్చుని పాటలు వినడానికే అయితే వైరు ఉన్నవే తీసుకోండి, ఇందులో రెండో మాట లేదు. మూన్‌డ్రాప్ చూ 2, సెవెన్‌హెర్జ్ సాల్‌నోట్స్ జీరో, ట్యాంజూ వాన్‌ఎర్ లాంటి వైర్డ్ ఇయర్‌ఫోన్స్ రెండు వేల రూపాయల ప్రాంతంలో దొరుకుతాయి. వీటి స్పష్టత ఐదు వేల వైర్‌లెస్ బడ్స్‌లో దొరకడం కష్టం. కారణం సులువే. వైర్‌లెస్‌లో మీ డబ్బు బ్యాటరీకి, బ్లూటూత్ చిప్‌కి, మైకులకి, ఛార్జింగ్ కేసుకి పంచుకుపోతుంది. వైర్డ్‌లో దాదాపు అంతా డ్రైవర్‌కి (లోపల శబ్దం పుట్టించే చిన్న స్పీకర్), దాని ట్యూనింగ్‌కే వెళ్తుంది. పైగా అరిగిపోయే బ్యాటరీ లేదు.

ఫోన్‌కి 3.5 ఎంఎం జాక్ లేకపోతే టైప్-సి డాంగిల్ (ఛార్జింగ్ పోర్టుకు తగిలించే చిన్న అడాప్టర్) ఖర్చు కూడా లెక్కలో వేసుకోండి. యాపిల్ టైప్-సి అడాప్టర్ నాణ్యత బాగుంటుంది గానీ, చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో వాల్యూమ్ తక్కువగా వస్తుంది. ఆండ్రాయిడ్ వాడేవాళ్లు వేరే డాంగిల్ చూసుకోవడం మేలు.

2. వివరాల్లో ఏవి చూడాలి, ఏవి వదిలేయాలి

డ్రైవర్ సైజు వదిలేయండి. 13 ఎంఎం డ్రైవర్ 10 ఎంఎం కంటే బాగుంటుందన్న నియమం లేదు. ట్యూనింగ్ బాగున్న 6 ఎంఎం డ్రైవర్ ముందు పెద్ద డ్రైవర్లు వెలవెలబోవడం మామూలే.

ప్లేటైమ్ దగ్గర జాగ్రత్త. "50 గంటలు" అంటే కేసులో మళ్లీ మళ్లీ ఛార్జ్ చేసుకుంటూ వాడితే వచ్చే మొత్తం. మీకు కావలసినది బడ్స్ ఒక్కసారి ఛార్జింగ్‌కు, ఏఎన్‌సీ ఆన్‌లో ఎంతసేపు వస్తాయన్న అంకె. అది ఐదు గంటల కంటే తక్కువైతే రెండేళ్ల తర్వాత బ్యాటరీ అరిగినప్పుడు బాగా ఇబ్బంది పడతారు.

కోడెక్ (బ్లూటూత్‌లో పాటను కుదించి పంపే పద్ధతి) మీ ఫోన్‌ని బట్టి చూడాలి. ఐఫోన్ ఎస్‌బీసీ, ఏఏసీ రెండే వాడుతుంది. ఐఫోన్ ఉన్నవాళ్లు ఎక్కువ నాణ్యత ఇచ్చే ఎల్‌డీఏసీ కోడెక్ కోసం ఒక్క రూపాయి కూడా ఎక్కువ పెట్టనక్కర్లేదు. ఆండ్రాయిడ్‌లో ఎల్‌డీఏసీ 330, 660, 990 కేబీపీఎస్ స్థాయిల్లో పనిచేస్తుంది. జనం కిక్కిరిసిన చోట 990 తెగిపోతుంటే 660కి తగ్గించుకోవచ్చు. ఆప్టెక్స్ అనే మరో కోడెక్ అయితే ఫోన్‌లోనూ, హెడ్‌ఫోన్స్‌లోనూ రెండింటిలోనూ ఉండాలి. ఒక వైపు ఉంటే లేనట్టే.

ల్యాప్‌టాప్, ఫోన్ రెండూ వాడేవాళ్లకు మల్టీపాయింట్ (ఒకేసారి రెండు పరికరాలకు కలిసి ఉండే సౌకర్యం) తప్పనిసరి. ఇది లేకపోతే కాల్ వచ్చిన ప్రతిసారీ ఒకదానినుంచి తెంపి మరొకదానికి కలుపుకోవాలి.

ఐపీ రేటింగ్ సాధారణంగా బడ్స్‌కే వర్తిస్తుంది, కేసుకు కాదు. చెమట తడితోనే బడ్స్ కేసులో పెడితే లోపలి ఛార్జింగ్ పిన్నులు చిలుము పడతాయి. కొన్నాళ్లకు ఒక వైపు ఛార్జ్ కావడం మానేస్తుంది. ఇయర్‌బడ్స్ పాడవడానికి ఇదొక ముఖ్య కారణం, కంపెనీలు దీన్ని నీటి నష్టం కింద లెక్కగట్టి వారంటీ ఇవ్వకపోవచ్చు.

హెడ్‌ఫోన్స్ కొంటుంటే ఇయర్ ప్యాడ్లు విడిగా దొరుకుతాయో లేదో కొనకముందే వెతకండి. మన ఎండలకు, చెమటకు లెదర్‌ను పోలిన ప్యాడ్ల పొర రెండు మూడేళ్లలో ఊడిపోవడం మొదలవుతుంది. ప్యాడ్లు మార్చగలిగితే హెడ్‌ఫోన్స్ ఇంకా చాలాకాలం వస్తాయి.

3. మూడే మోడళ్లు రాసుకోండి

పది ట్యాబులు తెరిచి పెట్టుకుంటే ఏదీ తేలదు. మీ బడ్జెట్‌లో మూడు మోడళ్లు ఎంచుకుని కాగితం మీదో ఫోన్ నోట్స్‌లోనో రాయండి. ఒక్కోదానికి రెండు, మూడు సమీక్షలు చాలు. సమీక్షకుడు ఫ్రీక్వెన్సీ గ్రాఫ్ (ఏ స్వరం ఎంత గట్టిగా వస్తుందో చూపే గీత) చూపించినా, మైకు రికార్డింగ్ వినిపించినా ఆ సమీక్ష పనికొస్తుంది. పెట్టె విప్పి రంగులు చూపించేవి వదిలేయండి.

కొనుగోలుదారుల రివ్యూలు చదివేటప్పుడు సగటు రేటింగ్ పట్టించుకోకండి. ఇలా చదవండి:

- "కొత్తవి ముందు" అని వరస మార్చండి. ఏడాది క్రితం మంచిదైన మోడల్‌లో ఇప్పుడు భాగాలు మారి ఉండొచ్చు.
- మూడు స్టార్ల రివ్యూలు ముందు చదవండి. మంచీ చెడూ రెండూ రాసేది వాళ్లే.
- ఒకే లోపం వేర్వేరు మనుషుల మాటల్లో కనిపిస్తే దాన్ని నమ్మండి. ఎడమ బడ్ ఛార్జ్ కావట్లేదని ఐదారుగురు రాస్తే అది ఆ మోడల్ జబ్బే.
- రివ్యూ కింద ఏ మోడల్ పేరుందో చూడండి. ఒకే పేజీలో రెండు మూడు మోడళ్లు కలిపి ఉంటే, పాతదానికి వచ్చిన పొగడ్తలు కొత్తదాని ఖాతాలో పడతాయి.

పాత తరం మోడల్‌ను జాబితాలో తప్పక పెట్టండి. అసలైన బేరాలు ఎక్కువగా అక్కడే ఉంటాయి. సోనీ డబ్ల్యూహెచ్-1000ఎక్స్‌ఎం4 2020లో వచ్చింది, ఎక్స్‌ఎం5 2022లో, ఎక్స్‌ఎం6 2025లో. కొత్తది రాగానే పాతది చెడిపోదు. ఎక్స్‌ఎం4 ఇప్పటికీ మంచి హెడ్‌ఫోన్సే. పైగా అది మడతపడుతుంది, ఎక్స్‌ఎం5 మడతపడదు. బ్యాగులో వేసుకుని తిరిగేవాళ్లకు ఇది చిన్న విషయం కాదు.

అయితే పాత మోడల్‌కి ఒక షరతు: పెట్టె మీద తయారీ లేదా దిగుమతి నెల, సంవత్సరం చూడండి. గోదాములో మూడేళ్లు ఛార్జ్ లేకుండా పడున్న లిథియం బ్యాటరీ కొత్తదే అయినా నీరసించి ఉంటుంది. ఏడాదిన్నర లోపుదైతే నిశ్చింతగా తీసుకోవచ్చు.

4. అసలు ధర కనిపెట్టండి

ఎక్కువ డబ్బు మిగిల్చేది ఈ మెట్టే, పది నిమిషాల పని.

మొదట ఆ మోడల్ పేజీ లింకు కాపీ చేయండి. అమెజాన్‌కు కీపా, అమెజాన్‌తో పాటు ఫ్లిప్‌కార్ట్‌కూ బైహత్కే లాంటి ధరల చరిత్ర చూపే సాధనాలున్నాయి. లింకు అక్కడ వేస్తే నెలల తరబడి ధర ఎలా కదిలిందో గీత కనిపిస్తుంది.

ఆ గీతలో మూడు అంకెలు రాసుకోండి. ఒకటి, ఎక్కువ రోజులు నిలిచిన ధర. ఇదే దాని అసలు ధర. రెండు, గత ఏడాదిలో అతి తక్కువ ధర. మూడు, గత పెద్ద సేల్‌లో ఉన్న ధర.

మీ లక్ష్య ధర ఇలా పెట్టుకోండి: అతి తక్కువ ధరకు 5 శాతం కలపండి. అతి తక్కువ రూ.4,000 అయితే మీ లక్ష్యం రూ.4,200. అంతకు వచ్చిన రోజు కొనేయండి. ఇంకో వంద తగ్గుతుందేమోనని నెలలు ఆగితే ఆ మోడలే దొరక్కపోవచ్చు.

సేల్‌కు రెండు మూడు వారాల ముందు ధర ఉన్నట్టుండి పైకి లేచి, సేల్ రోజున మళ్లీ పాత చోటికి దిగితే గీతలో గుట్టలా కనిపిస్తుంది. అలాంటప్పుడు పేజీ మీద తగ్గింపు శాతం ఎంతున్నా పట్టించుకోనక్కర్లేదు.

ఇంకో రెండు సంగతులు. ఒక్కో రంగుకు ఒక్కో ధర ఉంటుంది. నలుపు కంటే నీలమో తెలుపో కొన్ని వందలు తక్కువకు దొరకడం మామూలే, అన్ని రంగులూ నొక్కి చూడండి. అలాగే ధరల గీతలో కార్డు తగ్గింపులు, పేజీలో టిక్కు పెట్టాల్సిన కూపన్లు కనిపించవు. అవి విడిగా లెక్కేసుకోవాలి.

5. ఎప్పుడు కొనాలి

దసరా నుంచి దీపావళి వరకు నడిచే సేల్‌లు అన్నిటికంటే పెద్దవి. అమెజాన్ గ్రేట్ ఇండియన్ ఫెస్టివల్, ఫ్లిప్‌కార్ట్ బిగ్ బిలియన్ డేస్ సాధారణంగా సెప్టెంబరు, అక్టోబరు ప్రాంతంలో వస్తాయి. వాటి తర్వాత జనవరి 26 ముందు, ఆగస్టు 15 ముందు, మధ్యలో అమెజాన్ ప్రైమ్ డే. ఖరీదైన హెడ్‌ఫోన్స్‌కు నవంబరు చివరి బ్లాక్ ఫ్రైడే కూడా చూడండి. ఆడియో షాపులు అప్పుడు బాగానే తగ్గిస్తాయి.

సేల్‌కు ముందు రోజే వస్తువును కార్టులో వేసి, చిరునామా, కార్డు వివరాలు సరిచూసుకోండి. తక్కువ ధర రంగులు మొదటి గంటల్లోనే అయిపోతాయి.

6. ఎక్కడ కొనాలి

ఆన్‌లైన్ పేజీలో "అమ్మేది ఎవరు" అన్న వరస చూడకుండా డబ్బు కట్టకండి. ఒకే పేజీలో నలుగురు అమ్మకందారులుండొచ్చు. అందరికంటే తక్కువ ధర పెట్టినవాడి పేరు కొత్తగా ఉండి, రేటింగులు పదుల్లోనే ఉంటే వదిలేయండి. బ్రాండ్ సొంత వెబ్‌సైట్‌లో ఆ విక్రేత పేరు అధీకృత జాబితాలో ఉంటే మంచిది.

వైర్డ్ ఇయర్‌ఫోన్స్, డాంగిల్స్ కోసం చెన్నైకి చెందిన హెడ్‌ఫోన్ జోన్ లాంటి ఆడియో ప్రత్యేక షాపులు చూడండి. పెద్ద సైట్లలో అదే వస్తువు మూడో మనిషి చేతి మీదుగా, వారంటీ లేకుండా రావొచ్చు.

హెడ్‌ఫోన్స్‌కు నేరుగా షాపుకు వెళ్లడం చాలా మేలు. క్రోమా, రిలయన్స్ డిజిటల్, బజాజ్ ఎలక్ట్రానిక్స్ లాంటి చోట్ల డెమో పీసులు ఉంటాయి. ఒక నిమిషం పెట్టుకుని తీసేయకండి. పది, పదిహేను నిమిషాలు తలకే ఉంచండి. తలమీద బిగుతు, కళ్లద్దాల కాడల మీద ఒత్తిడి, చెవి చుట్టూ వేడి అప్పుడే తెలుస్తాయి. నచ్చితే ఆన్‌లైన్ ధర చూపించి "ఇంతకే ఇస్తారా?" అని మర్యాదగా అడగండి. పండగ రోజుల్లో చాలా షాపులు ఒప్పుకుంటాయి, లేదా కొంతైనా తగ్గిస్తాయి. రెండు మూడు వందలు ఎక్కువైనా పాడైతే వెళ్లి అడగడానికి ఒక చోటుంటుంది.

కోఠి, అబిడ్స్ లాంటి బజార్లలో చిన్న కొట్లలో కొంటే జీఎస్టీ బిల్లు, దాని మీద సీరియల్ నంబరు రాయించుకోండి. బిల్లు లేకుండా తక్కువ చేస్తామంటే ఆ తేడా మీ వారంటీ ఖరీదు.

అమెరికాలోనో దుబాయ్‌లోనో ఉన్న మన వాళ్లతో తెప్పించుకోవాలనుకుంటే ఒక్కటి ముందే తేల్చుకోండి: ఆ బ్రాండ్ అక్కడి బిల్లుకు ఇక్కడ సేవ ఇస్తుందా? చాలా బ్రాండ్లు కొన్న దేశంలోనే ఇస్తాయి. అమెరికాలో పేజీ మీద కనిపించే ధరకు రాష్ట్రాన్ని బట్టి అమ్మకం పన్ను అదనం, అది కూడా కలిపి పోల్చండి. వైర్డ్ వాటిని తెప్పించుకోవడంలో ప్రమాదం తక్కువ. బ్యాటరీ ఉన్నవి పాడైతే తిరిగి పంపడమే పెద్ద పని.

7. చెల్లింపు లెక్క

సేల్ ధర మీద కూపన్, దాని మీద బ్యాంకు తగ్గింపు, ఆపైన ఫీజులు. ఈ వరసలోనే లెక్క వేయండి. ఉదాహరణకు:

- సేల్ ధర: రూ.9,990
- పేజీ కూపన్ రూ.500 పోతే: రూ.9,490
- బ్యాంకు కార్డు తగ్గింపు 10 శాతం, గరిష్ఠం రూ.750. పది శాతం లెక్కన రూ.949 వస్తుంది గానీ పరిమితి వల్ల రూ.750 మాత్రమే. చివరికి: రూ.8,740
- అదే 5 శాతం క్యాష్‌బ్యాక్ కార్డుతో అయితే దాదాపు రూ.475 మిగిలి, రూ.9,015 పడుతుంది.

ఇక్కడ బ్యాంకు తగ్గింపే మేలు. ధర పెరిగినా బ్యాంకు తగ్గింపు రూ.750 దాటదు కాబట్టి, అప్పుడు క్యాష్‌బ్యాక్ కార్డు ముందుకు రావచ్చు. అందుకే రెండు లెక్కలూ వేసి చూడాలి. ప్లాట్‌ఫామ్ ఫీజు, ఆఫర్ ఫీజు లాంటి చిల్లర ఖర్చులు చివరి పేజీలోనే కనబడతాయి, అవీ కలపండి.

నో-కాస్ట్ ఈఎంఐ పూర్తిగా ఉచితం కాదు. వడ్డీని ముందే తగ్గింపుగా ఇస్తారు. కానీ ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ, ప్రాసెసింగ్ ఫీజు, దానిమీద జీఎస్టీ మీవే. రూ.12,000 వస్తువును 6 నెలల ఈఎంఐలో, 16 శాతం వడ్డీ లెక్కన తీసుకుంటే వడ్డీ సుమారు రూ.540. దాని మీద జీఎస్టీ రూ.97 దాకా. ప్రాసెసింగ్ ఫీజు రూ.199 అనుకుంటే పన్నుతో రూ.235. మొత్తం మీద రూ.330 పైనే అదనం. చేతిలో డబ్బుంటే ఒకేసారి కట్టేయండి.

గిఫ్ట్ వోచర్లతో కడితే, వస్తువు వెనక్కి పంపినప్పుడు డబ్బు బ్యాంకుకు రాదు, వోచర్ బ్యాలెన్సులోకే వస్తుంది. నచ్చుతుందో లేదో తెలియని మోడల్‌కు వోచర్ వాడకండి.

8. నకిలీ అవునా కాదా

పాతిక వేల ఇయర్‌బడ్స్ పదిహేను వందలకు ఇస్తున్నారంటే చూడాల్సిందేమీ లేదు. పట్టుకోవడం కష్టమైనవి అసలు ధరలో 60, 70 శాతానికి అమ్మే నకిలీలు. వాటికి ఈ పరీక్షలు:

- పెట్టె మీద ఎంఆర్‌పీ, దిగుమతిదారు పేరు, చిరునామా, నెల, సంవత్సరం, వినియోగదారుల ఫోన్ నంబరు ఉన్నాయా?
- బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) గుర్తు, దాని దగ్గర "ఆర్-" తర్వాత 8 అంకెలు ఉన్నాయా? బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ నంబరు కొడితే తయారీదారు, ఉత్పత్తి పేరు రావాలి. పేరు పొంతన లేకపోతే అనుమానించాల్సిందే.
- పెట్టె మీద, కేసు మీద, యాప్‌లో సీరియల్ నంబరు ఒకటేనా?
- బ్రాండ్ సొంత యాప్‌లో కలుస్తుందా, ఫర్మ్‌వేర్ (బడ్స్ లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ తీసుకుంటుందా? నకిలీలు ఎక్కువగా తేలిపోయేది ఇక్కడే.

ఎయిర్‌పాడ్స్‌కు యాపిల్ వెబ్‌సైట్‌లో సీరియల్ సరిచూడటం మంచిదే గానీ చాలదు. నకిలీల మీద అసలైన వాటి సీరియల్ నంబర్లే ముద్రిస్తున్నారు. ఐఫోన్‌తో కలిపినప్పుడు ఇవి అసలైనవని నిర్ధారించలేకపోతున్నామన్న హెచ్చరిక వస్తే వెంటనే వెనక్కి పంపండి. ఫోన్ తెర మీద కేసు బొమ్మ పైకి లేచిందని నమ్మకండి, దాన్ని నకిలీలూ చూపిస్తాయి.

9. ఓపెన్ బాక్స్, సెకండ్ హ్యాండ్

వైర్డ్ ఇయర్‌ఫోన్స్, హెడ్‌ఫోన్స్ వాడినవి కొనొచ్చు. టిప్పులు, ప్యాడ్లు కొత్తవి వేసుకుంటే సరిపోతుంది. వాడిన వైర్‌లెస్ ఇయర్‌బడ్స్ మాత్రం వద్దు. లోపలి బ్యాటరీ మార్చే వీలు దాదాపు ఉండదు, ఏడాదిన్నర వాడినదానికి సగం ధర పెట్టినా ఎక్కువే.

వైర్‌లెస్ హెడ్‌ఫోన్స్ అయితే కొనేముందు ఒక గంట వాడి చూడటానికి ఒప్పుకుంటేనే తీసుకోండి. పూర్తి ఛార్జింగ్‌తో, ఏఎన్‌సీ పెట్టి, సగం వాల్యూమ్‌లో గంటసేపు పాటలు వినండి. కంపెనీ 30 గంటలంటే గంటకు 3, 4 శాతం పడాలి. 8, 10 శాతం పడిపోతే బ్యాటరీ సగానికి పైగా అరిగింది.

10. పార్సిల్ వచ్చాక మొదటి రెండు రోజులు

కొనడంలో ఎంత జాగ్రత్త పడినా, ఈ రెండు రోజులు వృథా చేస్తే అంతా వృథా. చాలా పేజీల్లో వాపసు గడువు 7 నుంచి 10 రోజులే. అందులోనూ కొన్నిటికి డబ్బు వాపసు ఉండదు, మార్పిడి మాత్రమే. కొనేముందే ఆ వరస చదవండి.

పార్సిల్ విప్పేటప్పుడు ఆపకుండా వీడియో తీయండి. మూత టేపు, చిరునామా లేబుల్, పెట్టె సీలు, సీరియల్ నంబరు వీడియోలో స్పష్టంగా పడాలి. ఖాళీ పెట్టె వచ్చిందని ఫిర్యాదు చేయాల్సి వస్తే మీ చేతిలో ఉండే ఆధారం ఇదొక్కటే.

తర్వాత ఈ వరసలో పరీక్షించండి:

- ముందు ఫర్మ్‌వేర్ అప్‌డేట్ చేయండి. కనెక్షన్ తెగడం, ఏఎన్‌సీ బలహీనంగా ఉండటం కొన్నిసార్లు దీనితోనే పోతాయి.
- ఎడమ, కుడి పరీక్ష. యూట్యూబ్‌లో దొరుకుతుంది. శబ్దం తారుమారు కాకూడదు, రెండు వైపులా ఒకే స్థాయిలో ఉండాలి.
- తక్కువ వాల్యూమ్‌లో 20 హెర్ట్జ్ నుంచి 20,000 హెర్ట్జ్ వరకు పోయే స్వరం వినండి. 30 నుంచి 150 మధ్య గరగర, జివ్వుమనే చప్పుడు వస్తే డ్రైవర్ లోపం. పైన 15,000 దాటాక వినపడకపోతే కంగారు పడకండి, వయసుతో అది సహజం.
- ఫ్యాను ఫుల్‌లో పెట్టి ఏఎన్‌సీ ఆన్, ఆఫ్ చేయండి. తేడా స్పష్టంగా తెలియాలి. ఒక చెవిలోనే తగ్గితే లోపమే.
- రోడ్డు పక్కన నిలబడి వాయిస్ రికార్డర్‌లో అర నిమిషం మాట్లాడి వినండి.
- గంటసేపు వాడి బ్యాటరీ ఎంత పడిందో రాయండి. 6 గంటల బడ్స్‌కు 15 నుంచి 20 శాతం పడాలి. 30 పడితే మార్పిడి అడగండి.
- రాత్రి బడ్స్ కేసులో పెట్టి వదిలేయండి. తెల్లారేసరికి కేసు ఛార్జ్ 10 శాతానికి పైగా తగ్గితే, బడ్స్ కేసులోనూ ఆగకుండా పనిచేస్తున్నాయన్నమాట.

పెట్టె, టిప్పుల ప్యాకెట్, కేబుల్ అన్నీ వాపసు గడువు దాటేదాకా దాచండి. ఒక్కటి తగ్గినా తీసుకోరు.

11. లోపం అనిపించేవి, కానివి

"బాస్ లేదు" అన్న ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం టిప్పు సైజు తప్పడమే. గాలి సందు ఉంటే మంద్ర ధ్వని బయటికి పోతుంది. పెట్టెలో ఉన్న మూడు సైజులూ ఒక్కో చెవికి విడిగా పెట్టి చూడండి. రెండు చెవులకూ ఒకే సైజు సరిపోవాలని లేదు. మూడు సైజులూ వదులైతే ఫోమ్ టిప్పులు వేరే కొనుక్కోండి, ఏఎన్‌సీ కూడా మెరుగవుతుంది.

ల్యాప్‌టాప్‌లో మీటింగ్ మొదలవగానే పాట రేడియోలా వినిపిస్తోందా? బ్లూటూత్ మైకు ఆన్ కాగానే విండోస్ కాల్ మోడ్‌లోకి మారి ధ్వని నాణ్యత తగ్గుతుంది. మీటింగ్ సెట్టింగుల్లో మైకుగా ల్యాప్‌టాప్ సొంత మైకును ఎంచుకుంటే మామూలుగా వినిపిస్తుంది.

కొన్ని నెలల తర్వాత ఒక వైపు వాల్యూమ్ తగ్గితే ముందు టిప్పు కింద బడ్ మూతి మీదుండే జాలీ చూడండి. చెవి గులిమి అడ్డుపడి ఉంటుంది. టిప్పు తీసి, బడ్‌ను నేల వైపు వంచి, పొడి మెత్తటి బ్రష్‌తో తుడవండి. సూదితో పొడిస్తే జాలీ చిరుగుతుంది, నీళ్లు పోస్తే డ్రైవరే పోతుంది.

ఒకటే బడ్ కలుస్తుంటే ఫోన్ బ్లూటూత్ జాబితాలోంచి దాన్ని తీసేసి, మాన్యువల్‌లో చెప్పినట్టు కేసు బటన్ నొక్కి రీసెట్ చేసి, మళ్లీ కలపండి. కేసు లోపలి పిన్నులు, బడ్ మీది పిన్నులు పొడి గుడ్డతో తుడిచాకే సర్వీసు సెంటర్ సంగతి ఆలోచించండి.

12. వారంటీ నిలబెట్టుకోవడం

బిల్లు పీడీఎఫ్‌గా మెయిల్‌లో, పెట్టె సీరియల్ ఫోటో ఫోన్‌లో దాచండి. బ్రాండ్ సైట్‌లో కొన్న వారంలోపే నమోదు చేయండి. కొన్ని కంపెనీలు నమోదు చేసినవారికి వారంటీ పొడిగిస్తాయి.

లోపం కనిపిస్తే ముందు బ్రాండ్‌కు రాతపూర్వకంగా తెలిపి, ఫిర్యాదు నంబరు తీసుకోండి. ఫోన్‌లో మాట్లాడింది లెక్కలోకి రాదు. అక్కడ తేలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. తెలుగులోనూ మాట్లాడొచ్చు. బిల్లు, సీరియల్ ఫోటో, విప్పినప్పటి వీడియో, కంపెనీ ఇచ్చిన ఫిర్యాదు నంబరు దగ్గర పెట్టుకుని చేస్తే ఒక్క ఫోన్‌తోనే ఫిర్యాదు నమోదవుతుంది. వారంటీ ముగియడానికి నెల ముందు ఒకసారి పదో మెట్టులోని పరీక్షలన్నీ మళ్లీ చేయండి. బ్యాటరీలో, ఏఎన్‌సీలో ఏదైనా తేడా ఉంటే ఉచితంగా బాగుచేయించుకోవడానికి అదే ఆఖరి అవకాశం.